గంటల లెక్క వేసేటప్పుడు గది సంగతి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ఒక చిన్న బాక్స్ వేశారు. వైరస్ ప్లాస్టిక్ మీద మూడు రోజులు, స్టీలు మీద రెండు రోజులు, అట్టపెట్టె మీద ఒక రోజు, గాలిలో మూడు గంటలు బతుకుతుంది అని. అంతే. ఏ వైరసో రాయలేదు, ఎలాంటి గదిలోనో రాయలేదు. అది చదివిన మా కోడలు ఆ సాయంత్రం వచ్చిన పార్శిల్ డబ్బాను బాల్కనీలోనే పెట్టేసి, రేపటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పింది, అచ్చం 2020లో చేసినట్టే. అదే రాత్రి మా మనుమడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. "తాతా, మా క్లాసులో చానా మందికి జ్వరాలు, దగ్గు. బెంచీలు, తలుపు గొళ్లాలు అన్నీ మందు పెట్టి తుడిచిన్రు. కిటికీలు మాత్రం తియ్యనిస్తలేరు, ఏసీ చల్లదనం పోతదంట" అన్నాడు. ఈ రెండూ ఒక్క రోజే జరిగేసరికి మనసు ఊరుకోలేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కుదిరితే మొత్తం వేయండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో బయాలజీ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. డాక్టర్‌ని కాదు. కానీ మీరు వేసిన ఆ అంకెలు ఎక్కడివో నాకు తెలుసు, ఎందుకంటే వాటినే నమ్మి నేను కూడా ఒక ఏడాదంతా తప్పు చోట జాగ్రత్త పడ్డాను.

అవి 2020 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా శాస్త్రవేత్తల ప్రయోగం అంకెలు. కరోనా వైరస్‌ను రకరకాల వస్తువుల మీద వేసి, ఎన్ని గంటల తర్వాత కూడా బతికున్నది దొరుకుతుందో చూశారు. రాగి మీద నాలుగు గంటల తర్వాత దొరకలేదు, అట్ట మీద 24 గంటల తర్వాత దొరకలేదు, ప్లాస్టిక్ మీద మాత్రం 72 గంటలకు కూడా కొంచెం దొరికింది. ఈ "కొంచెం" అన్న మాటే మీ బాక్స్‌లో లేదు. ప్లాస్టిక్ మీద సుమారు ఏడు గంటలకోసారి వైరస్ సగానికి పడిపోతూ వచ్చింది. ఏడు గంటలకు సగం, పద్నాలుగు గంటలకు పావు, ఇలా తగ్గుకుంటూ పోయి మూడు రోజులకు మొదట వేసిన దాంట్లో వెయ్యో వంతు మిగిలింది. మేడారం వెళ్లినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తల్లులు వనప్రవేశం చేశాక జనం కదలడం మొదలవుతుంది, రాత్రికి రాత్రే సగం ఖాళీ, తెల్లారేసరికి మిగిలినవాళ్లలో సగం ఖాళీ. మూడో రోజు పోయి చూస్తే ఏ చెట్టు కిందో ఒక కుటుంబం ఇంకా వంట చేసుకుంటూ కనపడుతుంది. ఆ ఒక్క కుటుంబాన్ని చూసి జాతర ఇంకా నడుస్తోందని మీ విలేకరి వార్త పంపడు కదా.

గాలిలో మూడు గంటలు అన్నది ఇంకోలా తప్పుదారి పట్టిస్తుంది. మూడు గంటలకు వైరస్ చచ్చిపోయిందని ఆ ప్రయోగం చెప్పలేదు, ప్రయోగాన్నే మూడు గంటలకు ఆపేశారు. అప్పటికి గాలిలో ఇంకా ఉంది, గంటకు కాస్త అటూఇటూగా సగమవుతూ ఉంది. అంటే వస్తువుల మీది అంకె చదివినవాడికి అవసరమైన దానికంటే ఎక్కువ భయం, గాలి అంకె చదివినవాడికి లేని ధైర్యం.

ఇంకొకటి కూడా ఉంది. వస్తువుల మీద ఆ ప్రయోగం చేసింది 21 నుంచి 23 డిగ్రీల చల్లదనంలో, 40 శాతం తేమలో, ఎండ తగలని చోట. మన దగ్గర మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి సీటు మీద చెయ్యి పెట్టి చూడండి, ఆ లెక్క దానికి ఎట్లా పనికొస్తుంది? వేడికి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఈ రకం వైరస్ ఆగదు. ఎండలాంటి కాంతిని గాలిలో తేలే వైరస్ మీద వేసి చూసిన ప్రయోగాల్లో ఇరవై నిమిషాల లోపే తొంభై శాతం నశించింది. సరే, మరి 22 డిగ్రీలు, పొడి గాలి, ఎండ పడని, తలుపులు మూసిన గది మన ఊళ్లో ఎక్కడ ఉంటుంది? మా మనుమడి ఏసీ క్లాసులో ఉంటుంది. వైరస్ హాయిగా బతకడానికి ల్యాబులో కష్టపడి తయారు చేసిన వాతావరణాన్ని మనం ఫీజు కట్టి పిల్లలకు ఇస్తున్నాం. ఇది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

మీది పేపర్ కాబట్టి పేపర్ సంగతే చెప్తాను. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలైన వారంలో మా అపార్ట్‌మెంట్‌లో సగానికి పైగా ఇళ్లు పేపర్ మానేశాయి. పేపర్ ముట్టుకుంటే వస్తుందని. నేను మానలేదు గానీ ఎండలో పరిచి, ఇస్త్రీ పెట్టె తిప్పి, అప్పుడు చదివేవాణ్ణి. మాకు పేపర్ వేసే పిల్లవాడు డిగ్రీ చదువుకుంటూ ఆ డబ్బులతో గది కిరాయి కట్టుకునేవాడు. "సార్, నా లైన్ల సగం ఇండ్లు పోయినయ్, ఇగ లాభం లేదు" అని చెప్పి పరకాల అవతల వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. పేపర్ నుంచి కరోనా వచ్చిందని తేలిన మనిషి నాకు ఇప్పటిదాకా కనపడలేదు. తర్వాత 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క వేసి చెప్పింది, వైరస్ అంటిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని. అప్పటికి మనం కూరగాయలను సబ్బు నీళ్లలో కడిగాం, నోట్లను శానిటైజర్‌తో తడిపాం, రోడ్ల మీద ట్యాంకర్లతో హైపోక్లోరైట్ కొట్టించాం. కొన్ని చోట్ల మనుషుల మీద కూడా కొట్టారు, అది ఒంటికి హాని తప్ప లాభం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పాల్సి వచ్చింది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

2021 ఏప్రిల్‌లో మా బంధువుల ఇంట్లో పెళ్లి. పెద్దగా పిలవలేదు, లెక్క ప్రకారమే పిలిచారు. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర నుదుటికి మెషీన్ పెట్టి జ్వరం చూశారు, చేతుల్లో శానిటైజర్ పోశారు, కుర్చీల మధ్య దూరం కూడా పెట్టారు. ఎండాకాలం కదా, లోపల అన్ని తలుపులూ మూసి ఏసీలు వేశారు. మేం మూడు నాలుగు గంటలు అందులోనే కూర్చున్నాం, అందరూ మాస్కులు గడ్డం కిందికి లాగేసి మాట్లాడుకున్నారు, పాటలు పాడారు, నేనూ అంతే. మా అన్న నా పక్కనే కూర్చున్నాడు. వారం తిరగకుండా మా కుటుంబంలోనే ఏడుగురికి వచ్చింది. మే నెలలో అన్న పోయాడు. బయాలజీ చెప్పినవాణ్ణి, ఆ హాల్లో ఉన్నంతసేపూ కుర్చీ చేతుల మీద చెయ్యి పెట్టకుండా జాగ్రత్తగా కూర్చున్నాను, మూసిన కిటికీల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వదిన ఇప్పటికీ అంటుంది, "అన్నీ మంచిగనే చేసినం కదా మరిదీ, ఎక్కడ వచ్చింది" అని. నాకు జవాబు తెలుసు, ఆమెకు ఎలా చెప్పాలో తెలియదు.

పేరున్న సంస్థలే మొదట పొరపడ్డాయి కాబట్టి మామూలు జనాన్ని తప్పు పట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలో ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు కాదని గట్టిగా చెప్పింది. ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి ద్వారా వస్తోంది, గుర్తించండి అని బహిరంగంగా రాశారు. ఆ మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైట్లో స్పష్టంగా చేరేసరికి 2021 ఏప్రిల్ చివరైంది. మా ఇంట్లో అప్పటికే పెళ్లి అయిపోయింది.

గాలిలో తేలడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పేటప్పుడు నేను మా పాత గూనపెంకుల ఇంటి సంగతి చెప్పేవాణ్ణి. పెంకుల సందులోంచి ఎండ కడ్డీలా గదిలోకి పడితే అందులో దుమ్ము కణాలు కిందికి దిగకుండా అలా తిరుగుతూనే ఉంటాయి, చూసే ఉంటారు. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు, పాడినప్పుడు నోట్లోంచి వచ్చే తుంపరల్లో పెద్దవి, అంటే ఒక మిల్లీమీటరులో పదో వంతు ఉన్నవి, మనిషి నోటి ఎత్తు నుంచి ఐదు సెకన్లలో నేల మీద పడతాయి. ఐదు మైక్రాన్లవి, అంటే మిల్లీమీటరులో రెండు వందలో వంతు ఉన్నవి, కదలని గాలిలో అరగంట తీసుకుంటాయి. ఒక మైక్రాన్‌వి పన్నెండు గంటలు. సిగరెట్ తాగి వెళ్లిపోయిన మనిషి వాసన గదిలో ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది, ఆరడుగుల దూరంలో కూర్చున్నంత మాత్రాన వాసన రాకుండా ఉంటుందా?

దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ కరోనా కాదు, తట్టు. ఆ వైరస్ ఉన్న పిల్లవాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గాలి అంటిస్తుంది. టీకా లేని పిల్లలు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిది మందికి వస్తుంది. 1981లో అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక పిల్లల డాక్టర్ క్లినిక్‌లో తట్టు ఉన్న అబ్బాయి వచ్చి దగ్గి వెళ్లాడు. అతనితో ఒకే గదిలో అసలు కూర్చోని పిల్లలకు కూడా సోకింది, వాళ్లలో ఒకరైతే అతను వెళ్లిపోయిన గంట తర్వాత వచ్చారు. మన దగ్గర అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి బయటివాళ్లను రానివ్వరు, మా అవ్వ ఆ ఇంటి గడప కూడా తొక్కనిచ్చేది కాదు. ఆ పద్ధతి మంచిదే, అంటు అని తెలిసే పెట్టారు. కానీ తట్టులో ఒంటి మీద దద్దుర్లు కనపడటానికి నాలుగు రోజుల ముందే అంటించడం మొదలవుతుంది, వేపమండ కట్టేసరికే పిల్లవాడు బడికి పోయి వచ్చి ఉంటాడు. అందుకే తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటి, ఆ రెండు టీకాలు తప్పకూడదు. అంగన్‌వాడీలో, సబ్ సెంటర్‌లో ఉచితంగా వేస్తారు. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో బడుల్లో తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను, వాట్సాప్‌లో వచ్చిన ఏవో వీడియోలు చూసి వద్దని పిల్లల్ని ఇంట్లో ఉంచేసిన తల్లిదండ్రుల దగ్గరికి ఇల్లిల్లూ తిరిగాం.

వస్తువులను ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడగక్కర్లేదు అని నేను అంటున్నానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. వైరస్‌ను బట్టి ఉంటుంది, నా బాధ అదే. కరోనాకు, ఫ్లూకు, తట్టుకు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు, శానిటైజర్ ఆ పొరను చీల్చేస్తాయి, ఎండితే కూడా అవి తొందరగానే పోతాయి. ఫ్లూ వైరస్ స్టీలు మీద ఒకటి రెండు రోజులు ఉన్నా, అక్కడి నుంచి చేతికి అంటాక ఐదు నిమిషాలకు మించి నిలవదని 1982లోనే తేల్చారు. కానీ కొన్నిటికి ఆ కొవ్వు పొరే లేదు. పిల్లలకు వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్, రోటావైరస్ అలాంటివే, అవి నల్లా మీద, గిన్నెల మీద, బాత్‌రూం గొళ్లెం మీద రోజుల తరబడి ఉండగలవు. శానిటైజర్ నోరోవైరస్‌ను సరిగా చంపలేదు. దానికి సబ్బు, పారే నీళ్లు కావాలి, వాంతి పడిన చోట బ్లీచింగ్ కావాలి. 2023 వానాకాలంలో మన రాష్ట్రమంతా కండ్లకలక వచ్చినప్పుడు గుర్తుందా, ఎన్ని హాస్టళ్లలో పిల్లలందరూ ఎర్రటి కండ్లతో కూర్చున్నారో. ఎదుటివాళ్ల కండ్లలోకి చూస్తే వస్తుందని అందరూ నల్ల కండ్లద్దాలు కొన్నారు. చూస్తే రాదు. కన్ను నలుపుకున్న చెయ్యి, అదే టవల్, అదే దిండు, అదే ఫోన్, వాటితో వస్తుంది. కండ్లకలక తెచ్చే అడినోవైరస్ పొడి వస్తువు మీద వారాలు కూడా ఉండగలదు. హాస్టల్లో ఒక్కో పిల్లకు వేరే టవల్ ఇచ్చి ఉంటే, సబ్బు అయిపోయిన రోజే కొత్తది పెట్టి ఉంటే అంతమందికి వచ్చేది కాదు.

కాబట్టి తుడవాల్సిన జబ్బుకు నల్లద్దాలు, కిటికీ తెరవాల్సిన జబ్బుకు ఫినాయిల్. ఇలా తారుమారు చేసుకుంటున్నాం.

స్ప్లిట్ ఏసీ గురించి ఒక మాట, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా అది బయటి గాలి తెస్తుందని అనుకుంటున్నారు. తేదు. బయట పెట్టిన డబ్బా వేడిని మాత్రమే బయటికి పంపుతుంది, గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరిచి వదులుతుంది. అరవై మంది పిల్లలు వదిలిన ఊపిరిని అరవై మందీ మళ్లీ పీలుస్తారు. సీలింగ్ ఫ్యాన్ కూడా ఉన్న గాలిని తిప్పుతుంది తప్ప మార్చదు. మూసిన గదిలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్‌తో ఇంకో చిక్కు కూడా ఉందని 2024లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీవాళ్లు చూపించారు. తుంపర గాలిలోకి వచ్చాక దానిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, ఆ నీటిబొట్టు క్షారంగా మారుతుంది, ఆ క్షారమే కరోనా వైరస్‌ను దెబ్బ తీస్తుంది. గదిలో ముందే కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటే బొట్టులోంచి అది సరిగా బయటికి పోదు, వైరస్ ఎక్కువసేపు బతుకుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో నాలుగు వందల పైచిలుకు వంతులు ఉంటుంది. కిక్కిరిసిన గదిలో అది మూడు వేలకు చేరితే, నలభై నిమిషాల తర్వాత అంటించే శక్తి ఉన్న వైరస్ శుభ్రమైన గాలిలో కంటే పది రెట్లు మిగిలింది. కిటికీ మూస్తే వైరస్ బయటికి పోదు, పైగా చావదు. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పాలి?

వెంటిలేటర్ అంటే ఇప్పటి పిల్లలకు ఆస్పత్రిలో మిషన్ ఒక్కటే తెలుసు. మా చిన్నతనంలో వెంటిలేటర్ అంటే గోడకు పైన, కప్పుకు కాస్త కింద ఉండే చిన్న కిటికీ. వేడి గాలి పైకి లేచి దానిలోంచి బయటికి పోయేది. నేను పనిచేసిన పాత స్కూలు భవనాల్లో ప్రతి క్లాసుకూ అవి ఉండేవి, ఎదురెదురు కిటికీలు ఉండేవి, కరెంటు లేకపోయినా కూర్చోగలిగేవాళ్లం. ఇప్పుడు మా హనుమకొండలోని నయీంనగర్ వైపు వెళ్లి చూడండి, ఒక్కో బిల్డింగ్‌కు రోడ్డు వైపు మొత్తం అద్దమే, తెరుచుకునే రెక్క ఒక్కటి కనపడదు. దాని లోపల పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది పదింటి దాకా పిల్లలు. మా మనుమడి కాలేజీ కూడా అలాంటిదే, పేరు రాయను, వాళ్లొక్కరి తప్పు కాదు. నేను ఫోన్ చేసి అడిగితే అక్కడి వార్డెన్ చాలా మర్యాదగానే మాట్లాడాడు. "సార్, శానిటైజేషన్ రోజుకు రెండుసార్లు చేయిస్తున్నం, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. కిటికీ సంగతి అడిగితే, "పేరెంట్సే ఏసీ అడుగుతున్నరు సార్, కిటికీలు తెరిస్తే కరెంటు బిల్లు ఎవరు కడ్తరు" అన్నాడు. అతని మాటలో కూడా నిజం ఉంది. ఏసీ ఉందా అని అడిగి చేర్పించినవాళ్లం మేమే.

తల్లిదండ్రులు అడ్మిషన్ అప్పుడు ఏసీ ఉందా అనే ప్రశ్నతో పాటు కిటికీ తెరుచుకుంటుందా అని కూడా అడగాలి. క్లాసు క్లాసుకు మధ్య పది నిమిషాలు ఏసీ ఆపి తలుపులు, కిటికీలు బార్లా తెరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. తెరవడానికి కిటికీయే లేని గదిలో గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించవచ్చు, హోటల్ వంటగదిలో పొగ కోసం పెట్టిస్తున్నాం కదా. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటర్లు కొన్ని వేలకే దొరుకుతున్నాయి, ఒక్కో కాలేజీకి ఒకటి కొని గదులన్నిటిలో తిప్పి చూసినా తెలిసిపోతుంది. భవనాలకు అనుమతి ఇచ్చే అధికారులు ఫైర్ సేఫ్టీ చూస్తున్నారు, గాలి కూడా చూడమని అడుగుతున్నాను. దగ్గు, జ్వరం ఉన్న పిల్లవాణ్ణి హాజరు శాతం పోతుందని క్లాసుకు లాక్కొచ్చి కూర్చోబెట్టకండి, అది మాత్రం చేతులెత్తి అడుగుతున్నాను.

మీకు కూడా ఒక విన్నపం. వైరస్ ఇన్ని గంటలు బతుకుతుంది అని మళ్లీ బాక్స్ వేసినప్పుడు, అది ఏ వైరస్, ఎన్ని డిగ్రీల్లో చూశారు, ఎండ ఉందా లేదా, ఎంత మిగిలింది, ఇవి కూడా వేయండి. ఇంకో నాలుగు లైన్లు పడతాయి, అంతే. మీ పేపర్‌ను మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ఇరవై ఇళ్లలో చదువుతారు. అప్పుడు మానేసినవాళ్లలో కొందరు మళ్లీ వేయించుకుంటున్నారు, వేసే పిల్లవాడు మాత్రం వేరే అతను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ టీచర్,
హనుమకొండ.